తీగ తీసేశాక మిగిలే పని: రేడియో మాడ్యూళ్లు కొత్తవారిని ఎందుకు తికమక పెడతాయి

ఒక బ్రెడ్‌బోర్డు మీద ఉష్ణోగ్రత సెన్సారు, ఇంకో బ్రెడ్‌బోర్డు మీద చిన్న తెర. రెండింటికీ మధ్య మూడు తీగలు. అంతా సవ్యంగానే నడుస్తోంది. ఆ తీగల స్థానంలో ఒక జత రేడియో మాడ్యూళ్లు పెట్టగానే తెర మీద అర్థంలేని అక్షరాలు పరుగులు తీస్తాయి, లేదా అసలేమీ కనబడదు. దీపాలు వెలుగుతూనే ఉంటాయి. ప్రోగ్రాం తప్పుల్లేకుండా కంపైల్ అయింది. కనెక్షన్లు బొమ్మలో చూపినట్టే ఉన్నాయి. ఎలక్ట్రానిక్స్‌ను అభిరుచిగా చేసుకున్నవారిలో చాలామంది మొదటిసారి చేతులెత్తేసేది ఇక్కడే.

బజారులో దొరికే వైర్‌లెస్ మాడ్యూళ్లు చూపుకు ఒకదానికొకటి అక్కచెల్లెళ్లలా ఉంటాయి: వేలెడంత పచ్చటి లేదా నల్లటి బోర్డు, నాలుగు నుంచి పదహారు పిన్నులు, ఒక మూల యాంటెనా. కానీ సందేశాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే పనిలో ఒక్కో మాడ్యూల్ ఒక్కో వాటా మాత్రమే చేస్తుంది. మిగతా వాటా ఎవరు చేయాలో ప్యాకెట్ మీద రాసి ఉండదు. తికమకంతా ఆ మిగిలిన వాటా దగ్గరే.

సంక్షిప్తంగా: చవకైన 433 మెగాహెర్ట్జ్ జతలు కేవలం వాహక తరంగాన్ని (సందేశాన్ని మోసే రేడియో తరంగాన్ని) వెలిగించి ఆర్పుతాయి, సందేశం బాధ్యత పూర్తిగా ప్రోగ్రాందే. ఎన్‌ఆర్‌ఎఫ్24 తరహా చిప్‌లు ప్యాకెట్లు కట్టి రసీదు కూడా తెచ్చుకుంటాయి, విద్యుత్ సరఫరా విషయంలో మాత్రం సతాయిస్తాయి. బ్లూటూత్, వైఫై మాడ్యూళ్లు దాదాపు మొత్తం పని చేసిపెట్టి బ్యాటరీని తినేస్తాయి. లోరా అనే ప్రసార పద్ధతి దూరం వెళుతుంది, ఆ దూరానికి బదులు కాలాన్ని తీసుకుంటుంది. ప్రకటనల్లో కనిపించే దూరం అంకె వీటిలో దేన్నీ చెప్పదు.

### తీగ చెప్పకుండా చేసిపెట్టే పనులు

తీగ ఉన్నంత కాలం దాని గొప్పతనం తెలియదు. పంపేవాడు ఏమీ పంపనప్పుడు తీగ మీద స్థిరమైన వోల్టేజీ ఉంటుంది. అంటే నిశ్శబ్దం నిశ్శబ్దంగానే అందుతుంది. ఆ తీగ ఎవరికి తగిలించి ఉందో సందేశం వారికే చేరుతుంది కాబట్టి చిరునామా అక్కర్లేదు. పంపిన క్రమంలోనే బిట్లు అందుతాయి, మధ్యలో ఏదీ రాలిపోదు.

గాలిలో ఈ హామీలేవీ ఉండవు. రిసీవరుకు నిశ్శబ్దం అంటూ ఉండదు, ఎప్పుడూ ఏదో రొద ఉంటుంది. ఎవరు పంపినా అందరికీ వినబడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడుతుంది. అందుకే రేడియో మీద సందేశం పంపాలంటే కనీసం నాలుగు పనులు ఎవరో ఒకరు చేయాలి: మొదలును గుర్తుపట్టడం, ఎవరికో రాయడం, చెడిపోయిందో లేదో సరిచూడటం, అందనప్పుడు మళ్లీ పంపడం. ఏ మాడ్యూల్‌నైనా ఈ నాలుగు పనుల్లో అది ఎన్ని చేస్తుందన్న ప్రశ్నతో చూస్తే సగం అయోమయం తీరుతుంది.

### నిశ్శబ్దం ఎరుగని రిసీవర్

కొత్తవారి చేతికి ముందుగా వచ్చేది 433 మెగాహెర్ట్జ్ జత. ట్రాన్స్‌మిటర్ ఎఫ్‌ఎస్1000ఏ అనే పేరుతో, రిసీవర్ ఎక్స్‌వై-ఎంకే-5వీ అనే పేరుతో కలిపి అమ్ముతారు. అన్నిటికంటే చవక, అన్నిటికంటే తక్కువ పిన్నులు. పిన్నులు తక్కువ కాబట్టి తేలిక అనుకోవడం సహజమే. నిజానికి పై నాలుగు పనుల్లో ఇది ఒక్కటీ చేయదు.

ట్రాన్స్‌మిటర్ డేటా పిన్నుకు 1 ఇస్తే తరంగం వెలువడుతుంది, 0 ఇస్తే ఆగుతుంది. ఆ బోర్డులో జరిగేది అంతే. రిసీవర్ వైపు కథ కొంచెం ఆసక్తికరం. అందులో ఉన్నది సూపర్ రీజెనరేటివ్ సర్క్యూట్. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో వెలుగులోకి తెచ్చిన ఈ ఉపాయం వందేళ్లు దాటినా బతికి ఉండటానికి కారణం అది అడిగే విడిభాగాలు చాలా తక్కువ కావడమే. ఒక యాంప్లిఫయర్‌ను డోలనాలు మొదలయ్యే అంచున నిలిపి, మొదలైన ప్రతిసారీ అణచివేస్తూ ఉంటారు. బయటి నుంచి సిగ్నల్ వస్తే డోలనాలు త్వరగా పుంజుకుంటాయి. ఆ తేడానే రిసీవర్ కనిపెడుతుంది. సిగ్నల్ లేకపోతే? రొదనే ఆధారం చేసుకుని పుంజుకుంటాయి. అందుకే ట్రాన్స్‌మిటర్‌ను పూర్తిగా ఆపేసినా రిసీవర్ డేటా పిన్ను మీద ఒకట్లూ సున్నాలూ ఎడతెరిపి లేకుండా వస్తుంటాయి. తెర మీద పరుగెత్తిన చెత్త అక్షరాలు ఇవే. మాడ్యూల్ చెడిపోలేదు, అది చేయగలిగింది అదే.

ఇక్కడ చాలామంది వేసే ఎత్తు ఒకటుంది. మైక్రోకంట్రోలర్ సీరియల్ పిన్నును నేరుగా ట్రాన్స్‌మిటరుకు తగిలించేస్తారు. తీగ మీద పనిచేసిన సీరియల్ సందేశం గాలిలో ఎందుకు పనిచేయదన్నది వారి ప్రశ్న. రిసీవర్ చివరన ఉండే పోలిక సర్క్యూట్ వచ్చే సిగ్నల్‌ను ఒక స్థిరమైన గీతతో పోల్చదు, దాని ఇటీవలి సగటుతో పోలుస్తుంది. సున్నాలూ ఒకట్లూ సరిసమానంగా వస్తున్నంతసేపు సగటు మధ్యలో ఉంటుంది. వరసగా ఒకట్లే వస్తే సగటు మెల్లగా పైకి జారి సిగ్నల్‌కే అంటుకుంటుంది. ఆ తర్వాత ఏది ఒకటో ఏది సున్నానో దానికి తెలియదు. సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు నిలకడగా 1 వద్దే ఉంటుంది. అంటే మాట మొదలయ్యే ముందే చెవి గాడి తప్పుతోందన్నమాట.

రేడియోహెడ్ అనే ప్రోగ్రాం లైబ్రరీలోని ఏఎస్‌కే (తరంగాన్ని వెలిగించి ఆర్పే పద్ధతి) భాగం, దానికి ముందు వచ్చిన వర్చువల్‌వైర్ ఈ లోపాన్ని సరిచేసే తీరు చూడదగ్గది. సందేశానికి ముందు ఒకటి-సున్నా-ఒకటి-సున్నా అంటూ కాసేపు తాళం వేసి రిసీవర్ సగటును మధ్యకు తెస్తాయి. ఆ తర్వాత ప్రతి నాలుగు బిట్లనూ ఆరు బిట్లుగా మార్చి పంపుతాయి. ఆ ఆరింటిలో ఎప్పుడూ మూడు ఒకట్లు, మూడు సున్నాలు. అలాంటి కూర్పులు మొత్తం 20 ఉంటాయి. నాలుగు బిట్లకు కావలసినవి 16. సరిపోయాయి. బిట్లు ఒకటిన్నర రెట్లయి వేగం ఆ మేరకు తగ్గినా సగటు ఎటూ ఒరగదు. చివర్లో సరిచూసుకునే అంకె కూడా చేరుతుంది కాబట్టి చెడిన సందేశాన్ని పారేయవచ్చు.

ఇంత చేసినా నాలుగో పని మిగిలే ఉంటుంది. ఈ జతలో తిరుగు దారి లేదు. అందిందో లేదో పంపేవైపు ఎన్నటికీ తెలియదు. రిమోట్ మీటలు ఒకే సంకేతాన్ని నాలుగైదుసార్లు పంపడం ఇందుకే. నిమిషానికోసారి ఉష్ణోగ్రత పంపే పనికి ఇది సరిపోతుంది, ఒకటి పోతే తర్వాతిది వస్తుంది. తలుపు తాళానికి మాత్రం పనికిరాదు. సంకేతాన్ని ఒకసారి రికార్డు చేసి మళ్లీ వినిపించిన వారెవరికైనా ఆ తాళం తెరుచుకుంటుంది. దూరం చాలకపోతే ట్రాన్స్‌మిటర్ శక్తి పెంచడం కంటే రిసీవర్‌ను మార్చడం మేలు. ఆర్‌ఎక్స్‌బీ6 వంటి సూపర్‌హెటరోడైన్ రిసీవర్లు అదే ప్రోగ్రాంతో గణనీయంగా మెరుగ్గా వింటాయి.

### రసీదు తెచ్చే రేడియో, దాని ఆకలి

నార్డిక్ సంస్థ ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 ప్లస్ చిప్ 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. పై నాలుగు పనులూ చిప్ లోపలే జరుగుతాయి. 32 బైట్ల వరకు డేటా ఇస్తే మొదలును గుర్తుపట్టించే పల్లవి, చిరునామా, సరిచూసే అంకె జోడించి పంపుతుంది. అవతలి చిప్ దాన్ని సరిచూసుకుని తనంత తానే రసీదు పంపుతుంది. రసీదు రాకపోతే 15 సార్ల వరకు మళ్లీ పంపుతుంది. ప్రోగ్రాంకు తెలిసేది చివరి ఫలితమే: అందింది, లేదా అందలేదు.

ఇంత ఏర్పాటున్న చిప్‌కే పనిచేయదన్న చెడ్డపేరు ఎక్కువ. కారణం రేడియో కాదు, కరెంటు. మామూలు బోర్డు ప్రసారానికి 11.3 మిల్లీఆంపియర్లు, వినడానికి దాదాపు 13 తీసుకుంటుంది. ఇది ఎక్కువేమీ కాదు. పొడవాటి యాంటెనా, అదనపు యాంప్లిఫయర్ ఉన్న బోర్డు మాత్రం ప్రసార సమయంలో వంద దాటిపోతుంది. ఆర్డునో ఊనో బోర్డులోని 3.3 వోల్టుల పిన్ను ఇవ్వగలిగేది 50 మిల్లీఆంపియర్లు.

చిన్న బోర్డుతోనూ ఇబ్బంది ఉంది. వినే స్థితి నుంచి పంపే స్థితికి మారడానికి చిప్‌కు పట్టేది 130 మైక్రోసెకన్లు. ఆ కాస్త సమయంలో కరెంటు అవసరం ఒక్కసారిగా మారుతుంది. సన్నటి పొడవాటి జంపర్ తీగల గుండా అది సమయానికి చేరదు, చిప్ దగ్గర వోల్టేజీ క్షణకాలం కుంగుతుంది. చిప్ పూర్తిగా ఆగిపోతే తప్పు తెలిసిపోయేది. అలా జరగదు. మైక్రోకంట్రోలర్ అడిగిన ప్రతిదానికీ సక్రమంగా జవాబిస్తూనే ఉంటుంది, సెట్టింగులన్నీ సరిగ్గా చూపిస్తుంది, ప్యాకెట్లు మాత్రం గాలిలో చెడిపోతాయి. దాంతో అనుమానం ప్రోగ్రాం మీదికి పోతుంది. గంటలు అక్కడే ఖర్చవుతాయి.

దీనికి అందరూ చెప్పే మందు 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. దాన్ని బ్రెడ్‌బోర్డు మీద ఎక్కడో గుచ్చితే ఫలితం అంతంతమాత్రమే. మాడ్యూల్ సరఫరా పిన్నులకు ఆనుకుని టంకం వేస్తేనే ప్రయోజనం, ఎందుకంటే కుంగుబాటుకు కారణం ఆ తీగల పొడవే. యాంప్లిఫయర్ ఉన్న బోర్డులకు విడిగా 3.3 వోల్టుల రెగ్యులేటర్ కావాలి. సిగ్నల్ పిన్నులు 5 వోల్టులను తట్టుకుంటాయి కానీ సరఫరా పిన్నుకు 3.6 దాటకూడదు. ఈ తేడా తెలియక కాలిపోయిన మాడ్యూళ్లు ఎన్నో.

ఈ చిప్ విషయంలో ఇంకో రెండు చిక్కులు గుర్తుంచుకోదగ్గవి. చానెల్, డేటా రేటు, చిరునామా, సరిచూసే అంకె పొడవు, ప్యాకెట్ పరిమాణం రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా సగం పనిచేయడం ఉండదు, పూర్తి మౌనమే. రెండోది, ‘అందలేదు’ అని చిప్ చెప్పినంత మాత్రాన డేటా నిజంగా అందలేదని కాదు. డేటా చేరి, తిరుగు ప్రయాణంలో రసీదు పోయి ఉండవచ్చు. ఒకే ప్యాకెట్ రెండుసార్లు వస్తే రెండోదాన్ని చిప్ తానే పక్కన పెడుతుంది. ప్రోగ్రాం తనంతట తాను మళ్లీ పంపితే మాత్రం అది కొత్త ప్యాకెట్టే. ‘దీపం వెలిగించు’ అన్న ఆదేశం రెండుసార్లు అందినా నష్టం లేదు. ‘దీపం స్థితి మార్చు’ అన్నది రెండుసార్లు అందితే వెలిగి ఆరిపోతుంది.

### బ్లూటూత్, వైఫై: పని తక్కువ, ఖర్చు ఎక్కువ

హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ నిజంగానే తీగకు బదులు. ఒకసారి జత కుదిరాక సీరియల్‌లో ఒకవైపు రాసింది రెండోవైపు వస్తుంది. ఇందులో దొరికిపోయే చోట్లు రెండే. దాని రిసీవ్ పిన్ను 3.3 వోల్టులదే కాబట్టి 5 వోల్టుల బోర్డు నుంచి రెండు రెసిస్టర్లతో వోల్టేజీ దించి ఇవ్వాలి. మామూలు డేటా సాధారణంగా 9600 బాడ్ (సీరియల్ వేగం) మీద నడిస్తే, సెట్టింగులు మార్చే స్థితి 38400 మీద నడుస్తుంది. ఇది పాత తరహా బ్లూటూత్ కాబట్టి ఐఫోన్ యాప్‌లతో మాట్లాడదు. ఆ అవసరం ఉంటే తక్కువ విద్యుత్ బ్లూటూత్ ఉన్న హెచ్‌ఎం-10 వంటివి చూడాలి.

వైఫైలో మలుపు 2014లో వచ్చింది. ఎస్ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ8266 చిప్ మొదట ఇతర బోర్డులకు వైఫై తగిలించే తోక మాడ్యూల్‌గా అభిరుచి లోకంలోకి వచ్చింది. త్వరలోనే ప్రోగ్రాంను దాని లోపలే నడపవచ్చని తేలి, ఏ బోర్డుకు తోకగా వచ్చిందో ఆ బోర్డు అవసరమే లేకుండా చేసింది. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32లో బ్లూటూత్ కూడా చేరింది. రేడియో తరంగం నుంచి ఇంటర్నెట్ వరకు మొత్తం ఇవే చూసుకుంటాయి కాబట్టి గోడ సాకెట్ అందుబాటులో ఉన్న ప్రాజెక్టుకు ఇంతకంటే సుళువైన దారి లేదు. బ్యాటరీ మీద నడపాలంటే పరిస్థితి వేరు. ప్రసార సమయంలో కరెంటు వందల మిల్లీఆంపియర్లకు చేరుతుంది, రౌటరుతో పరిచయం పెట్టుకోవడానికే సెకన్లు పట్టవచ్చు. అదే ఎన్‌ఆర్‌ఎఫ్24 నిద్రలో ఒక మైక్రోఆంపియర్ లోపే తీసుకుని, మేల్కొన్న కొన్ని మిల్లీసెకన్లలో పని ముగించి మళ్లీ పడుకుంటుంది. రౌటర్ ప్రమేయం లేకుండా చిన్న సందేశాలు పంపే ఈఎస్‌పీ-నౌ పద్ధతి ఈ రెండింటికీ మధ్యదారి.

### లోరా: దూరానికి బదులు కాలం

లోరా చిప్‌లు సెమ్‌టెక్ సంస్థవి. ఆ పద్ధతిని రూపొందించిన ఫ్రెంచ్ సంస్థ సైక్లియోను సెమ్‌టెక్ 2012లో కొనుగోలు చేసింది. ఇందులో తరంగం ఒకే పౌనఃపున్యం మీద నిలబడదు, ఈల వేస్తూ స్వరం పెంచినట్టు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జారుతుంది. ఆ జారుడు ఎక్కడ మొదలైందన్నదే సమాచారం. రొద కంటే బలహీనంగా ఉన్న సిగ్నల్‌నూ రిసీవర్ పట్టుకోగలిగేది ఈ ఆకృతి దానికి ముందే తెలుసు కాబట్టి.

ఈ జారుడు ఎంత నెమ్మదిగా ఉండాలో స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ నిర్ణయిస్తుంది. 7 నుంచి 12 వరకు ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కో జారుడు వ్యవధి రెట్టింపవుతుంది. 20 బైట్ల సందేశానికి 125 కిలోహెర్ట్జ్ వెడల్పులో, మామూలు సెట్టింగులతో 7వ మెట్టు మీద 57 మిల్లీసెకన్లు పడుతుంది. 12వ మెట్టు మీద 1.3 సెకన్లు. చిత్రాలు, మాటలు లోరా మీద పంపాలన్న ఆలోచనలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతాయి.

లోరా, లోరావాన్ ఒకటే అనుకోవడం ఇంకో సాధారణ పొరపాటు. లోరా అంటే తరంగాన్ని మలిచే పద్ధతి. రెండు మాడ్యూళ్లు నేరుగా మాట్లాడుకోవడానికి అది చాలు. లోరావాన్ దాని మీద కట్టిన నెట్‌వర్క్ నియమావళి. దానికి గేట్‌వే (రేడియో సందేశాలను ఇంటర్నెట్‌కు చేర్చే పరికరం), సర్వరు కావాలి.

### ప్రకటనలో దూరం, లెక్కలో దూరం

‘1000 మీటర్లు’ అని రాసిన మాడ్యూల్ పక్క గదికి కూడా అందకపోతే మోసమనిపిస్తుంది. ఆ అంకె ఏ యాంటెనాతో, ఏ డేటా రేటుతో, ఎలాంటి మైదానంలో కొలిచారో చెప్పనప్పుడు దానికి అర్థమే లేదు. సొంతంగా లెక్క వేయడం అంత కష్టం కాదు.

ఎన్‌ఆర్‌ఎఫ్24 గరిష్ఠ శక్తి 0 డీబీఎం, అంటే ఒక మిల్లీవాట్. అడ్డులేని చోట 100 మీటర్లు ప్రయాణించేసరికి 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు 80 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక మిల్లీవాట్‌లో పది కోట్ల వంతు మిగులుతుందన్నమాట, −80 డీబీఎం. సెకనుకు 2 మెగాబిట్ల వేగంలో ఈ చిప్ వినగలిగే అతి బలహీన సిగ్నల్ −82. చేతిలో మిగిలింది 2 డెసిబెల్స్ మాత్రమే; మధ్యలో ఒక మనిషి నిలబడితే అదీ పోతుంది. అదే చిప్‌ను 250 కిలోబిట్లకు తగ్గిస్తే −94 వరకు వినగలదు. మిగులు 14 డెసిబెల్స్ అయింది. ఖాళీ మైదానంలో ప్రతి 6 డెసిబెల్స్‌కు దూరం రెట్టింపవుతుంది కాబట్టి ప్రోగ్రాంలో ఒక్క వరుస మార్చి, ఏమీ కొనకుండానే దూరం నాలుగు రెట్లు చేసుకున్నట్టే.

ఇదే 100 మీటర్లకు 433 మెగాహెర్ట్జ్ నష్టం దాదాపు 65 డెసిబెల్స్. ఎక్కువ పౌనఃపున్యాన్ని గాలి పీల్చుకుంటుందని చాలామంది అనుకుంటారు. ఈ దూరాల్లో గాలి పాత్ర లెక్కలోకి రాదు. తరంగం పొట్టిదైతే దానికి సరిపడే యాంటెనా కూడా పొట్టిది; చిన్న దోసిలిలో తక్కువ నీళ్లు పట్టినట్టు అది తక్కువ శక్తిని అందుకుంటుంది. గోడలు, తడి నేల, మనుషుల శరీరాలు అదనంగా పీల్చుకోవడం వేరే సంగతి.

ఆ పొడవు లెక్క కూడా సులభమే. మెగాహెర్ట్జ్ అంకెతో 300ని భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. అందులో పావు వంతు తీగ చాలు. 433.92కు 17.3 సెంటీమీటర్లు, 868కి 8.6, 2.4 గిగాహెర్ట్జ్‌కు మూడుకు కొంచెం ఎక్కువ. చవకైన 433 జతలు తరచుగా యాంటెనా లేకుండానే వస్తాయి. 17 సెంటీమీటర్ల మామూలు తీగ ముక్క టంకం వేస్తే కలిగే మార్పు ఏ ఖరీదైన మార్పుకూ తీసిపోదు. లోరా వంటి శక్తిమంతమైన బోర్డులను యాంటెనా తగిలించకుండా ప్రసారంలో పెట్టకూడదు. బయటికి పోలేని శక్తి వెనక్కి తిరిగి చిప్‌నే దెబ్బతీయవచ్చు.

### అనుమతి అక్కర్లేదంటే నియమాలు లేవని కాదు

2.4 గిగాహెర్ట్జ్ పట్టీ ప్రపంచమంతటా తెరిచే ఉంది. అంతకు దిగువన ప్రాంతాన్ని బట్టి మారుతుంది: ఐరోపాలో 433, 868 మెగాహెర్ట్జ్ పట్టీలు, అమెరికా ఖండాల్లో 902 నుంచి 928 వరకు. మాడ్యూల్ కొనేముందే ఇది చూసుకోవాలి, ఎందుకంటే 433 కోసం చేసిన బోర్డును ప్రోగ్రాంలో 868కి మార్చినా దాని యాంటెనా వైపు భాగాలు అందుకు సరిపోవు. సమయానికీ హద్దులుంటాయి. ఐరోపాలో 868.0 నుంచి 868.6 వరకు ఉన్న పట్టీలో ఒక పరికరం సాధారణంగా ఒక శాతం కాలమే ప్రసారం చేయాలి, అంటే గంటకు 36 సెకన్లు. పైన చెప్పిన 1.3 సెకన్ల లోరా సందేశాలు గంటకు 27 పంపితే కోటా అయిపోయింది.

2.4లో చిక్కు రద్దీ. వైఫై ఎక్కువగా వాడే 1, 6, 11 చానెళ్ల మధ్యబిందువులు 2412, 2437, 2462 మెగాహెర్ట్జ్. ఒక్కోటి దాదాపు 20 వెడల్పు. ఎన్‌ఆర్‌ఎఫ్24 చానెల్ అంకెను 2400కు కలిపితే దాని పౌనఃపున్యం వస్తుంది. ఆర్‌ఎఫ్24 లైబ్రరీ తనంతట తాను తీసుకునే 76వ చానెల్, అంటే 2476, పదకొండో వైఫై చానెల్ అంచు దాటాక ఉంటుంది. ఇంకా పైకి, 125 వరకు చిప్ వెళ్లగలదు. అయితే చాలా దేశాల్లో ఈ పట్టీ 2483.5 వద్ద ముగుస్తుంది కాబట్టి 83కు పైన చిప్ ఒప్పుకున్నా చట్టం ఒప్పుకోదు.

### మొదటి పరీక్ష

రెండు వైపులా కొత్త ప్రోగ్రాం రాసి, రెండూ ఒకేసారి పనిచేయాలని కోరుకోవడం వల్లే వెతుకులాట పెరుగుతుంది. లైబ్రరీతో వచ్చే ఉదాహరణను ఏమీ మార్చకుండా ఎక్కించడం, ముందు ఒక్క బోర్డు మీదే చిప్ సెట్టింగులు చదివి కనెక్షన్లు సరిచూడటం, ఆ తర్వాతే రెండో బోర్డు జోలికి వెళ్లడం మంచి వరస. బోర్డులు ఒకదానికొకటి ఆనించి కాక, అతి తక్కువ శక్తితో ఒకటి రెండు మీటర్ల ఎడంలో ఉంచాలి; చెవి దగ్గర అరిస్తే మాట అర్థంకానట్టే మరీ బలమైన సిగ్నల్ కూడా రిసీవర్‌ను ముంచేస్తుంది. 433 వంటి పట్టీల్లో ట్రాన్స్‌మిటర్ అసలు వెలుగుతోందో లేదో టీవీ ట్యూనర్ చిప్ ఆధారంగా పనిచేసే చవకైన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌తో కంప్యూటర్ తెర మీద చూడవచ్చు. 2.4 గిగాహెర్ట్జ్ దాని పరిధికి అందదు.

పంపేది సెన్సారు విలువ కాకుండా సెకనుకొకటి చొప్పున పెరిగే అంకె అయితే రిసీవర్ తెరే రోగనిర్ణయం చేసిపెడుతుంది. 41, 42, 44 అని వస్తే మధ్యలో ఒకటి గాలిలో పోయింది. యాంటెనానో చానెల్‌నో చూడాలి. 42 రెండుసార్లు కనబడితే రసీదు తిరిగి రాక ప్రోగ్రాం దాన్ని మళ్లీ పంపింది. 41, 42 తర్వాత ఉన్నట్టుండి మళ్లీ 1 నుంచి మొదలైతే, ప్రసారం చేసే ప్రయత్నంలో వోల్టేజీ కుంగి పంపే బోర్డే రీసెట్ అయింది. అప్పుడు చూడవలసింది రేడియోను కాదు, దానికి కరెంటిచ్చే తీగను.